అరటి బోదె నుంచి నార తీసే మెషీన్: ఏడాది వాడాక నా రివ్యూ

ముందే చెప్పేస్తున్నానండి, ఇది డబ్బులు తీసుకుని రాస్తున్న రివ్యూ కాదు. కంపెనీ పేరు కూడా రాయట్లేదు, ఎందుకంటే ఇలాంటి మెషీన్లన్నీ ఇంచుమించు ఒకటే డిజైను, పైన అంటించే స్టిక్కరూ పెయింటూ తేడా అంతే. మాది రావులపాలెం దగ్గర ఒక లంక ఊరు, రెండెకరాల అరటి, ఒక ముక్కలో కర్పూర చక్కెరకేళి, ఇంకో ముక్కలో జీ నైన్ అనే రకం. పోయిన సంవత్సరం ఈ మెషీన్ కొన్నప్పటి నుంచి ఫోన్ చేసి అడిగేవాళ్లు ఎక్కువైపోయారు, ప్రతివాళ్లకీ మొదటి నుంచీ చెప్పలేక ఇక్కడ ఒకేసారి రాసేస్తున్నా, కొంచెం పెద్దదే, టీ పెట్టుకుని చదవండి.

అరటి వేసినోళ్లకి తెలిసిందే, గెల కొట్టేశాక ఆ బోదె ఒక తలనొప్పి. మళ్లీ గెల వెయ్యదు, ఒక్కోటి పాతిక ముప్పై కిలోలుంటుంది, అందులో తొంభై శాతం పైన నీళ్లే. కూలీలని పెట్టి నరికించాలి, గట్టుకి మోయించాలి, అక్కడ పడి కుళ్లుతా ఉంటుంది. అలాంటి టైంలో మా బావమరిది ఒక వీడియో పంపించాడు, బోదె ఇటు పెడితే అటు తెల్లగా పట్టులాంటి నార వస్తోంది, వెనకాల మ్యూజిక్కు, "వ్యర్థం నుంచి వస్త్రం" అని పెద్ద అక్షరాలు. నేను పడిపోయాను. 85 వేలు మెషీను, లారీ కిరాయి ఇంకో ఆరు వేలు. నార మొత్తం మేమే కొనుక్కుంటాం అన్నాడు అమ్మినాయన. ఆ మాట దగ్గరికి తర్వాత వస్తా.

మెషీను చూడ్డానికి ఏమీ ఉండదండి. ఇనప స్టాండు, రెండు హెచ్‌పీ సింగిల్ ఫేజ్ మోటారు, బెల్టు, లోపల ఒక డ్రమ్ము, డ్రమ్ము చుట్టూ మొద్దు బ్లేడ్లు, దాని ముందు ఒక ఇనప పట్టీ. డొప్పని, అంటే బోదెలోంచి విడదీసిన పొరని, ఆ పట్టీ మీద నుంచి లోపలికి తోస్తే బ్లేడ్లు గుజ్జునీ నీళ్లనీ గీకి కింద పడేస్తాయి, నార మన చేతిలో మిగులుతుంది. సగం దాకా తోసి వెనక్కి లాగాలి, తిప్పి పట్టుకుని రెండో సగం తొయ్యాలి. మన అమ్మమ్మలు పూలు కట్టుకోడానికి గోటితోనో కత్తి వెనక వైపుతోనో గీకి నార తీసేవారు చూడండి, అదే పని మోటారు చేస్తోంది. ఇందులో రాకెట్ సైన్స్ ఏమీ లేదు, కానీ కిటుకు మాత్రం ఉంది.

ఆ కిటుకు బ్లేడుకీ పట్టీకీ మధ్య సందు. ఫ్యాక్టరీలోనే సెట్ చేసి పంపాం, ముట్టుకోవద్దు అన్నారు. మొదటి రోజు నార మొత్తం ముక్కలు ముక్కలు, దువ్వెనలో ఊడిన జుట్టులా వచ్చింది. రెండో రోజు కోపం వచ్చి బోల్టులు వదులు చేస్తే ఈసారి గుజ్జు పోకుండా పచ్చగా, జిడ్డుగా అలాగే ఉండిపోయింది. నాలుగు రోజులు ఇదే బాధ. చివరికి మా ఊరి లేత్ అబ్బాయి వచ్చి, ఇంట్లో ఉన్న పాత పెళ్లి శుభలేఖ ఒకటి అడిగి తీసుకుని, మడిచి ఆ సందులో పెట్టి, కార్డు బిగుతుగా లాగితే వచ్చేంత దూరంలో బోల్టులు బిగించాడు. అప్పట్నుంచి నార నార లాగా వచ్చింది. ఇంకోటి, జీ నైన్ డొప్ప మందంగా ఉంటుంది, చక్కెరకేళి పల్చన, కాబట్టి రకం మారినప్పుడల్లా శుభలేఖ తియ్యాల్సిందే. ఆ కార్డు ఇప్పటికీ మెషీను పక్కన మేకుకి వేలాడుతోంది, ఎవరి పెళ్లిదో కూడా చదవడానికి లేకుండా నల్లగా అయిపోయింది.

నారలో కూడా రకాలుంటాయని నాకు ముందు తెలీదు. బోదె పైన రెండు మూడు డొప్పలు ఎండిపోయి చీకేసి ఉంటాయి, అవి పారెయ్యాలి. దాని లోపలివి గట్టి ముతక నార, రంగు గోధుమ. మధ్య డొప్పలే అసలు సరుకు. లోపలికి పోయేకొద్దీ నార సన్నగా తెల్లగా మెత్తగా ఉంటుంది కానీ తక్కువ వస్తుంది, ఇంకా లోపల దవ్వ, అది మా ఆవిడకి ఇచ్చేయడమే, ఆవ పెట్టి కూర. మూడు రకాలూ కలిపేస్తే ముతక రేటే ఇస్తారు, కాబట్టి తీసేటప్పుడే మూడు కుప్పలు వేసుకోండి, ఎండాక వేరు చెయ్యడం నరకం.

ఇప్పుడు అందరూ అడిగేది, లెక్క. కంపెనీ కాగితం మీద రోజుకి పాతిక కిలోల నార అని ఉంటుంది. మాకు మొదటి నెల నాలుగైదు కిలోలు దాటలేదు. చెయ్యి తిరిగాక ముగ్గురు మనుషులతో, ఒకరు నరికి డొప్పలు విడదీసేవాళ్లు, ఒకరు మెషీను దగ్గర, ఒకరు కడిగి ఆరేసేవాళ్లు, రోజుకి 55 బోదెల దాకా లాగాం. ఒక బోదెకి ఎండు నార సరాసరి 170 గ్రాములు పడింది. పాతిక కిలోల బోదెకి 170 గ్రాములండి, మళ్లీ చదవండి. ఆరడుగులకి ఆరడుగులు వేస్తే ఎకరానికి 1,210 మొక్కలు, అంటే 22 రోజుల పని, 205 కిలోల నార. నాకు దొరికిన సరాసరి రేటు కిలో 130, మొత్తం 26,650. కూలీ మనిషికి 400 చొప్పున ముగ్గురికి 22 రోజులకి 26,400. ఎకరానికి నాకు మిగిలింది అక్షరాలా 250 రూపాయలు, అదీ కరెంటు బిల్లు కట్టకముందు, మెషీను ఖరీదు తియ్యకముందు. బోదెలు నరికించి మోయించే ఖర్చు ఎలాగూ తప్పింది కదా అంటే అది నిజమే, దాన్ని కలుపుకుంటే కొంచెం మనశ్శాంతి. ఇంట్లో మనుషులే చేసుకుంటే ఆ కూలీ డబ్బులు ఇంట్లోనే ఉంటాయి. మా పక్క వీధి డ్వాక్రా ఆడవాళ్లు అలాగే చేస్తున్నారు, వాళ్లకి బానే ఉంది. నాలాగా గట్టు మీద నిలబడి కూలీలతో చేయిద్దాం అనుకుంటే మాత్రం లాభం లేదు.

భద్రత గురించి ఒక మాట, ఇది మాత్రం సీరియస్‌గా చదవండి. తడి నార జారుతుంది కదా అని మణికట్టుకి ఒక చుట్టు చుట్టుకుని లాగాలనిపిస్తుంది. అస్సలు చెయ్యొద్దు. నార డ్రమ్ముకి చుట్టుకుందంటే దానితో పాటు చెయ్యి కూడా లోపలికి పోతుంది. మా దగ్గర పనిచేసే పిన్నిగారికి ఒకసారి గాజు తగిలి పగిలింది, దేవుడి దయ, గాజుతో పోయింది. నాకొచ్చిన మెషీనుకి ముందు వైపు గార్డు లేదు, ఆపే స్విచ్చు వెనకాల మోటారు దగ్గరుంది, అంటే చెయ్యి ఇరుక్కుంటే రెండో మనిషి పరిగెత్తుకుని వచ్చి ఆపాలి! ఊళ్లో ఎలక్ట్రీషియన్‌తో కాలితో నొక్కే స్విచ్చు పెట్టించాను, 700 అయింది, రేకుతో గార్డు ఇంకో 1,200. ఎనభై ఐదు వేల వస్తువుకి ఇది నేను పెట్టించుకోవాలా చెప్పండి. ఒక స్టారు ఇక్కడే కట్.

ఇక మరకలు. అరటి పాలు బట్టకి తగిలితే పోదని చిన్నప్పటి నుంచీ తెలుసు, కానీ ఈ మెషీను ఆ పాలని ఫ్యాను తిప్పినట్టు చుట్టూ చిమ్ముతుంది. గోడ, ప్యాంటు, కళ్లజోడు, మా కుక్క కూడా. మొదటి రోజు తెల్ల చొక్కా వేసుకుని నిలబడ్డాను, వీడియోలో ఆయన అలాగే ఉన్నాడు మరి. సాయంత్రానికి చొక్కా చూసి మా అమ్మ "ఏంట్రా, కాఫీలో ముంచి తీశారా నిన్ను" అంది.

రిపేర్ల సంగతి త్వరగా చెప్పేస్తా. రెండో నెలలో బేరింగు పోయింది, ఆ పసరు లోపలికి దిగి గ్రీజుని కడిగేస్తోంది, బేరింగుకి సరైన సీలు లేదు. వారంటీ అడిగితే వాట్సాప్‌లో వీడియో పెట్టమన్నారు, పెట్టాను, రెండు నీలం టిక్కులు వచ్చాయి, ఆ తర్వాత ఏమీ రాలేదు. లేత్ అబ్బాయే మార్చాడు. ఇప్పుడు రోజూ పొద్దున్నే గ్రీజు, సాయంత్రం పైపుతో కడగడం, ఇవి తప్పనిసరి, ఒక్క రోజు కడక్కపోతే గుజ్జు ఎండి రాయిలా పట్టేస్తుంది, వాసన గురించి చెప్పక్కర్లేదు. మోటారు మాత్రం బంగారం, దాన్ని ఒక్క మాట అనను.

నార తీశాక పని అయిపోయింది అనుకుంటే పొరపాటు. వెంటనే మంచినీళ్ల తొట్టిలో జాడించాలి, లేకపోతే అందులో మిగిలిన పసరు గాలి తగిలి గంటల్లో గోధుమ రంగు ఎక్కుతుంది. బోదె కూడా నరికిన రోజే ఆడించాలి, మర్నాటికి పెడితే రంగు పోయినట్టే. తర్వాత తీగల మీద వేలాడదీసి ఆరబెట్టడం, నేల మీద పరిస్తే మట్టీ బూజూ. జులై ఆగస్టుల్లో గోదావరికి వరద వచ్చి లంకల్లోకి నీళ్లు చేరే టైంలో అసలు ఈ పని పెట్టుకోవద్దు. నేను పెట్టుకున్నాను. నలభై కిలోలు బూజు పట్టి ఎరువు గుంటలో వేశాను.

సరే, కొనే మనుషుల సంగతి. మేమే కొంటాం అన్న ఆ పెద్దమనిషి మొదటి మూటకి కిలో 150 చొప్పున టక్కున డబ్బులేశాడు, నాకు రెక్కలొచ్చాయి. రెండో మూటకి తేమ ఎక్కువన్నాడు, మూడో దానికి రంగు బాలేదన్నాడు, 90కి దింపాడు, నాలుగో మూట మూడు నెలలు గోడౌన్లో పెట్టుకుని తిప్పి పంపించాడు, కిరాయి నా నెత్తిన. రాతపూర్వకంగా ఏమన్నా ఉందా అంటే వాట్సాప్ వాయిస్ మెసేజీ ఉంది! అందుకని తమ్ముళ్లకీ అన్నలకీ చెప్పేది, నార కొనేవాడిని మెషీను కొనకముందు వెతుక్కోండి, మెషీను అమ్మేవాడే నార కొంటానంటే వాడి లాభం మెషీను మీదే అని గుర్తు పెట్టుకోండి. తర్వాత నేను బుట్టలు, చాపలు, బ్యాగులు అల్లే వాళ్లకి అమ్ముకున్నాను, వాళ్లు ముతక రకం కూడా తీసుకుంటారు, గొడవ పెట్టరు.

మరి బట్ట? వీడియోలో చెప్పింది బట్ట గురించే కదా. ఆ ముచ్చట తీర్చుకుందామని రెండు కిలోల సన్న నార పట్టుకుని అమలాపురం పక్కన బండారులంక వెళ్లాను, అక్కడ తెలిసిన నేత మాస్టారు ఒకాయనున్నారు. ఆయన నారని వేళ్ల మధ్య నలిపి, చెవి దగ్గర పెట్టుకుని విరిచి చూసి, "ఏవండీ, దీంతో పడుగు అవ్వదండి, పన్నెలో రాసుకుని తెగిపోద్ది, పేకకైతే చూద్దాం" అన్నారు. పడుగంటే మగ్గం మీద నిలువుగా బిగించే పోగులు, పేకంటే వాటికి అడ్డంగా నేసేవి, పన్నె అంటే పడుగు పోగుల్ని సర్ది ఉంచే దువ్వెనలాంటిది. పడుగు కాటన్ వేసి, పేకలో మా అరటి నార. అసలు కష్టం అప్పుడు తెలిసింది. నార పోగు పొడవు డొప్ప పొడవంతే, అంటే నాలుగైదు అడుగులు, అక్కడికి ముడి, మళ్లీ నాలుగైదు అడుగులకి ముడి. ఆయన భార్యగారూ కోడలూ కూర్చుని ఆ పోగుల్ని ఒక్కొక్కటే ముడేసి కండెలకి, అంటే పోగు చుట్టే చిన్న గొట్టాలకి, చుట్టారు. ఎండిన నార పెళుసుగా విరుగుతోందని కండెల్ని తడిగుడ్డలో చుట్టి పెట్టారు, తడి ఆరకముందే నాడెలో (పేకని అటూ ఇటూ తీసుకెళ్లేది) వేసి నెయ్యాలి. మామూలుగా ఆయన ఒక్క రోజులో దింపే పొడవుకి వారం పట్టింది. వచ్చింది రెండు గజాల ముక్క. చూడ్డానికి మాత్రం ఏం అందమండి, ఎండలో పెడితే లేత బంగారం రంగు మెరుపు, అక్కడక్కడ ముడులు చుక్కల్లా. ఒంటి మీద వేసుకుంటే గరుకు, కండువాకి ఓకే, చొక్కాకి కాదు. నేను కూలీ ఇస్తానంటే మాస్టారు తీసుకోలేదు, "ఇంకోసారి మాత్రం తేకండి" అన్నారు నవ్వుతా.

మెత్తగా ఎందుకు రాదు అని ఆయన్నీ, తర్వాత బట్టల మిల్లులో పనిచేసే నా స్నేహితుడినీ అడిగితే అర్థమైందేంటంటే, దూదిలో ఒక్కో పోగూ ఒక్కటే కణం, గింజ మీద వెంట్రుకలా పెరుగుతుంది. అరటి నారలో మనకి ఒక్క పోగులా కనిపించేది నిజానికి కొన్ని మిల్లీమీటర్ల పొడవుండే బుల్లి కణాల కట్ట, వాటిని జిగురూ లిగ్నిన్ అనే పదార్థమూ అంటించి పట్టుకుంటాయి. ఆ జిగురు తీసేస్తే మెత్తబడుతుంది, మరీ ఎక్కువ తీసేస్తే కట్ట మొత్తం విడిపోయి పిండి అవుతుంది. సోడాలో ఉడికించడమో, ఎంజైములు వాడటమో చేసి, కొంత జిగురు తీసి, నారని చిన్న ముక్కలుగా కత్తిరించి, పత్తితో కలిపితే అప్పుడు మిల్లులో నూలు వడకొచ్చు. తిరుచిరాపల్లిలో 1993లో పెట్టిన జాతీయ అరటి పరిశోధన కేంద్రం, ముంబైలో పత్తి టెక్నాలజీ సంస్థ లాంటి చోట్ల ఈ పనుల మీద పరిశోధనలు చేశారు. అంటే జరగని పని కాదు, కానీ అది మన గట్టు మీద రెండు హెచ్‌పీ మెషీనుతో జరిగే పని కూడా కాదు. చేత్తో చేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, జపాన్ ఒకినావాలో కిజోకా అనే పల్లెలో బాషోఫు అని అరటి నార బట్ట నేస్తారు, డొప్పల్ని బూడిద నీళ్లలో ఉడకబెట్టి, గీకి, పోగు పోగూ చేత్తో ముడేసి. ఒక కిమోనోకి సరిపడా గుడ్డకి రెండు వందల బోదెల దాకా పడతాయంట. వాళ్లు వాడేది నార కోసమే పెంచే అరటి, మనలాగా గెల కోసం కాదు. 1974లో ఆ నేతకి వాళ్ల ప్రభుత్వం సాంస్కృతిక సంపదగా గుర్తింపు ఇచ్చింది. మా బండారులంక మాస్టారు నవ్వింది ఊరికే కాదన్నమాట.

ఇదంతా తెలిశాక మా వదిన ఎగ్జిబిషన్లో 950కి కొన్న "బనానా సిల్క్" చీర గుర్తొచ్చింది. వదిన ఒప్పుకోకపోయినా కొంగు చివర కుచ్చులోంచి ఒక పోగు లాగి అగ్గిపుల్ల పెట్టాను, ముడుచుకుపోయి చివర నల్లటి గట్టి ముత్యంలా గడ్డ కట్టింది, ప్లాస్టిక్ వాసన. మా నార పోగు కాలిస్తే కాగితం కాలిన వాసన వచ్చి, వేళ్ల మధ్య నలిగిపోయే బూడిద అయింది. మరి చీరలో ఉన్నది పాలిస్టరే కదా. నిజం అరటి పేకతో నేసిన చీర ఆ రేటుకి రాదండి, రెండు గజాలకి వారం పట్టిందని ఇప్పుడే చెప్పాను. వదిన నాతో పది రోజులు మాట్లాడలేదు, అది వేరే విషయం.

ఇంకొకటి మెషీను అమ్మేవాళ్లు ఎవ్వరూ చెప్పరు. బోదె "వ్యర్థం" అంటారు కానీ పిలక పంట, అంటే తల్లి చెట్టు పక్కన మొలిచే పిలకతో తీసే తర్వాతి పంట, ఉంచుకునేవాళ్లకి అది పూర్తిగా వ్యర్థం కాదు. గెల కొట్టాక తల్లి బోదెలో ఉన్న నీళ్లూ పోషకాలూ కొన్నాళ్లు పిలకకి దిగుతాయి, అందుకే పెద్దవాళ్లు ఒక్కసారే మొదలంటా నరకనిచ్చేవారు కాదు, అంచెలంచెలుగా నరికేవారు. నేను ఆశ కొద్దీ ఒక మూడు వరసలు నేలకి నరికించాను, ఆ వరసల్లో పిలకలు పక్క వాటికన్నా నీరసంగా ఉన్నాయి. ఇప్పుడు నడుమెత్తు మొదలు ఉంచి పైది మాత్రమే మెషీనుకి వాడుతున్నా, తోట తీసేసే ఆఖరి పంటలో అయితే మొత్తం. గీకిన గుజ్జు మాత్రం వానపాముల ఎరువుకి భలే పనికొస్తోంది. రసంలో పొటాష్ బాగా ఉంటుంది, గుజరాత్‌లో నవసారి వ్యవసాయ యూనివర్సిటీ వాళ్లు దాంతో ద్రవ ఎరువు కూడా చేశారు, నేనైతే ఊరికే నీళ్లలో కలిపి కొబ్బరి మొదళ్లకి పోస్తున్నా. తెగులున్న తోట బోదెలు మాత్రం పక్కూళ్ల నుంచి తెప్పించుకోకండి.

ఇంకో తమాషా, కార్తీక మాసంలో, ముఖ్యంగా ఆ నెల అయిపోయిన మర్నాడు వచ్చే పోలి పాడ్యమికి, దీపాలు వదలడానికి రేవు దగ్గర ఈ అరటి డొప్పలే అమ్ముతారు. ఒక్క పొద్దుటికి మా అబ్బాయి రెండు వందల డొప్పలు కోసుకుని వెళ్లి పదేసి రూపాయలకి అమ్ముకుని వచ్చాడు. రెండు వేలు! కరెంటు లేదు, బేరింగు లేదు, గ్రేడింగు లేదు. నన్ను చూసి నవ్వాడు కూడా.

మొత్తం మీద 5కి 3 ఇస్తాను. నార తీసే పని బాగా చేస్తుంది కాబట్టి 3, గార్డు లేనందుకు ఒకటి, సర్వీసు లేనందుకు ఒకటి పోయాయి. తిరిగి కొనుగోలు అనే వాగ్దానానికి స్టార్లు ఇవ్వాల్సొస్తే మైనస్‌లో ఇవ్వాలి. ఇంట్లో ఇద్దరు ముగ్గురు పనిచేసేవాళ్లుండి, పక్కనే అల్లికలు చేసేవాళ్లుంటే తీసుకోండి, చీరలు నేయించి షాపులకి వేద్దామనుకుంటే వద్దు. అమ్మేస్తావా అని అడుగుతున్నారు కొందరు, లేదండి, సంక్రాంతి తర్వాత ఎండలు మొదలయ్యాక ఇంకో ఎకరం ఆఖరి పంట తీసేది ఉంది, దానికి పెట్టాను. నడుస్తుండగా చూడాలనుకునేవాళ్లు అప్పుడు రండి, పొద్దున్న ఏడింటికి మొదలెడతాం, పాత చొక్కా వేసుకుని రండి.